విన్న కథను రాయడం – 3వ పాఠం: ఊతపదం

పోయిన పాఠంలో మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒక కథ చెప్పమని అడిగి, ఫోన్‌లో రికార్డు చేసుకోమన్నాను. దాన్ని దగ్గర పెట్టుకోండి. ఈసారి కథలో ఏం జరిగిందో వదిలేసి, చెప్పే మనిషి గొంతును వినాలి.

ఈ పని నేర్పడానికి రచయిత పావెల్ బజోవ్‌ను మించిన గురువు నాకు తెలియదు. 1879లో రష్యాలోని ఉరల్ కొండల్లో, సిసెర్త్ అనే కర్మాగారపు ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఆ కర్మాగారంలోనే కార్మికుడు. తర్వాత కుటుంబం పొలెవ్‌స్కోయ్‌కి మారింది. అక్కడ దూమ్నయా కొండ మీద కాపలా ఉండే వసీలీ ఖ్మెలీనిన్ అనే ముసలాయన, ఒకప్పటి గని కార్మికుడు, చుట్టూ చేరిన పిల్లలకు రాగికొండ దొరసాని కథలు చెప్పేవాడు. పచ్చటి మలకైట్ రాయే గౌనుగా తొడుక్కున్నట్టుండే ఆవిడ, తలచుకుంటే బల్లిగా మారిపోతుంది. ముసలాయన మాటకోసారి 'స్లీష్-కో' అనేవాడు. 'ఇదుగో, విను' అని అర్థం. చివరికి ఆయన పేరే స్లీష్కో తాత అయిపోయింది.

బజోవ్ పెద్దయ్యాక టీచరయ్యాడు. సెలవుల్లో ఊళ్ళు తిరిగి జనం చెప్పినవి రాసుకున్నాడు. ఆ నోట్‌బుక్కులు అంతర్యుద్ధంలో పోయాయి. తాత దగ్గర విన్న కథలు అచ్చులోకి వచ్చింది 1936లో, అంటే దాదాపు నలభై ఏళ్ళకు. 'మలకైట్ పెట్టె' పుస్తకం 1939లో వచ్చింది. ఇన్నేళ్ళూ ఆ కథలను ఆయనలో నిలిపింది తాత గొంతేనని నా నమ్మకం.

రాగికొండ దొరసాని కథ ఎలా మొదలవుతుందో చూడండి. మన కర్మాగారం వాళ్ళు ఇద్దరు గడ్డి చూసుకోడానికి బయల్దేరారు. బీడు దూరం, సెవెరూష్కా అవతలెక్కడో. పండగ రోజు, ఎండ మాత్రం భయంకరం. అంతే. 'అనగనగా' లేదు, రాజు లేడు. ఆ 'మన' అన్న ఒక్క మాటతో చెప్పేవాడు ఆ ఊరివాడని తెలిసిపోతుంది. 'ఎక్కడో' అనడంలో ఎదుటివాడికి ఆ చోటు తెలుసన్న ధీమా ఉంది. గనివాళ్ళ మాటలను కూడా బజోవ్ మార్చలేదు. అర్థాలు విడిగా పుస్తకం చివర ఇచ్చాడు. మీ అమ్మమ్మ వాడిన మాట పట్నం పిల్లలకు తెలియదని టెన్షన్ పడి దాన్ని తీసేయకండి.

ఇక అభ్యాసం. రికార్డింగ్ రెండుసార్లు వినండి. మొదటిసారి ఊతపదం పట్టుకోండి: 'ఏమంటావ్', 'అదేలే', 'మరేమో', ఏదైనా కావచ్చు. రెండోసారి, అది ఎక్కడెక్కడ పడుతోందో గుర్తు పెట్టండి. సాధారణంగా కథ మలుపు తిరిగే ముందో, చెప్పేవాళ్ళు ఊపిరి తీసుకునేటప్పుడో వస్తుంది. తర్వాత కథలోని మొదటి ఐదు వాక్యాలే రాయండి. ఊతపదం ఒక్కసారే రావాలి. నోటితో చెబితే ఇరవైసార్లు వచ్చినా బాగుంటుంది, కాగితం మీద మూడోసారికే విసుగొస్తుంది.

రాసింది ఆ పెద్దవాళ్ళకే చదివి వినిపించండి. వాళ్ళు మధ్యలో ఆపి 'అలా కాదు, ఇలా' అని మళ్ళీ చెప్పడం మొదలుపెడితే, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కండి.