ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రజారోగ్యంలో పరిశోధన చేయాలనుకునేవారు మొదట అడిగేది "ఏ యూనివర్సిటీ మంచిది?" అని. ప్రజారోగ్యంలో మాస్టర్స్ అయిన ఎం.పి.హెచ్.కి ఆ ప్రశ్న సరిపోతుంది. పీహెచ్‌డీకి మాత్రం అది మూడో ప్రశ్న. ఏం తేల్చాలి, ఎవరి దగ్గర చేయాలి అన్నవి దానికంటే ముందుంటాయి.

ఎం.పి.హెచ్. సాధారణంగా రెండేళ్ల కోర్సు. ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో చూసే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) వంటివి నేర్పి, చివర ఒక చిన్న అధ్యయనం చేయిస్తారు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోని అచ్యుత మేనన్ సెంటర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట్ల ఈ కోర్సు ఉంది. పరిశోధన మీ ఒంటికి పడుతుందో లేదో ఆ చిన్న అధ్యయనమే చెబుతుంది. నాలుగు వందల ఇళ్ల సర్వే ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు విసుగు కంటే కుతూహలం ఎక్కువైతే ముందుకు వెళ్లండి.

మొదటి పని: ప్రశ్నను చిన్నది చేయడం

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్నే తీసుకుందాం. "అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోంది?" అనేది పెద్ద పెద్ద బృందాలు ఏళ్ల తరబడి వెతికినా తేలని ప్రశ్న. ఒక విద్యార్థి దాన్ని నెత్తికెత్తుకుంటే థీసిస్ పూర్తి కాదు. "కొబ్బరి, జీడి తోటల్లో ఎండలో పనిచేసే గంటలకూ, రక్తంలో క్రియాటినిన్ స్థాయికీ సంబంధం ఉందా?" అంటే చేతికి అందుతుంది. క్రియాటినిన్ అంటే కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థ పదార్థం.

ఇక్కడే పద్ధతి మెలిక పెడుతుంది. ఒక్కసారి క్రియాటినిన్ ఎక్కువ వచ్చినంత మాత్రాన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనలేం. మార్పు మూడు నెలలకు మించి నిలవాలి. అంటే అదే మనిషికి రెండోసారి రక్తపరీక్ష చేయాలి. ఖర్చు పెరుగుతుంది, ఈలోగా కొందరు కూలిపనికి వలస వెళ్లిపోతారు. పైగా ఒకేసారి చేసే సర్వేలో సంబంధం కనబడవచ్చు గానీ, ఏది కారణమో ఏది ఫలితమో తేలదు. ఇవన్నీ ముందే రాసుకున్న ప్రతిపాదనకూ, అందమైన మాటలతో నింపిన ప్రతిపాదనకూ తేడాను గైడు మొదటి పేజీలోనే పట్టేస్తారు.

రెండో పని: గైడును వెతకడం

మీ ప్రశ్నకు దగ్గరగా గత అయిదేళ్లలో ఎవరు వ్యాసాలు ప్రచురించారో చూడండి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి గైడుగా ఉండకూడదు. ఎంత పేరున్నవారైనా వారి దగ్గర ఖాళీ లేకపోతే మీకు ఉపయోగం లేదు. వారికి రాసే ఉత్తరం పది వాక్యాలు దాటకూడదు. అందులో మీ ప్రశ్న ఉండాలి, పొగడ్తలు అక్కర్లేదు. వీలైతే వారి పాత విద్యార్థి ఒకరితో మాట్లాడండి. థీసిస్ చిత్తుప్రతి ఎన్నాళ్లకు దిద్ది ఇస్తారో అడగండి.

మూడో పని: అర్హత, పరీక్ష

మాస్టర్స్‌లో 55 శాతం మార్కులుండాలి. రిజర్వుడు వర్గాలకు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. జాతీయ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో ఈ రంగానికి దగ్గరి సబ్జెక్టు సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్. ఆ పరీక్షతో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 అందుతాయి. జేఆర్‌ఎఫ్ రాకుండా నెట్ స్కోరుతో చేరేవారికి పరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇస్తారు. కొన్ని సంస్థలు సొంత ప్రవేశ పరీక్ష పెడతాయి కాబట్టి నోటిఫికేషన్ పూర్తిగా చదవండి. కోర్సు కనీసం మూడేళ్లు; ఫీల్డు పని ఉంటే నాలుగైదేళ్లు పడుతుందనే లెక్కతో ఇంట్లో చెప్పండి.

చేరాక తొలి ఏడాది

కోర్సువర్క్ (తొలి తరగతులు) నడుస్తుండగానే, మనుషులపై చేసే పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు సిద్ధం చేసుకోండి. అనుమతి రాకముందు ఒక్క రక్త నమూనా కూడా తీయకూడదు. సమ్మతి పత్రం తోటలో పనిచేసే మనిషికి చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగులో ఉండాలి. గ్రాంథికంలో రాసి సంతకం పెట్టించుకుంటే అది సమ్మతి కాదు. పరీక్షలో జబ్బు బయటపడినవారిని ఏ ఆసుపత్రికి పంపుతారో కూడా అందులో రాయాలి. ఊళ్లోకి వెళ్లే ముందు ఆశా కార్యకర్తతో మాట్లాడండి. ఎవరు ఏ వేళకు ఇంట్లో ఉంటారో ఆమెకు తెలిసినంతగా మీ సర్వే ప్రణాళికకు తెలియదు.

ఇంటర్వ్యూలో దాదాపు ఖాయంగా వచ్చే ప్రశ్న ఒకటుంది: అనుకున్న డేటా రాకపోతే ఏం చేస్తారు? ప్రత్యామ్నాయంగా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటా చూసుకోండి. నమోదు చేసుకుంటే ఉచితంగా ఇస్తారు. అయిదో విడత 2019–21లో జరిగింది. అందులో రక్తపోటు, రక్తంలో చక్కెర కొలతలు ఉన్నాయి, క్రియాటినిన్ లేదు. కాబట్టి ఆ డేటాతో జవాబు చెప్పగలిగే రెండో ప్రశ్న ఒకటి ఇప్పుడే రాసి పెట్టుకోండి.