టైమర్ అయిపోగానే పైకి లేవకండి

స్కూబా డైవర్లు చాలామంది పైకి వచ్చేముందు సేఫ్టీ స్టాప్‌కి 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు బుద్ధిగానే ఆగుతారు. టైమర్ సున్నాకి రాగానే మాత్రం చటుక్కున పైకి తేలిపోతారు. దయచేసి అలా చేయకండి. దామాషాలో చూస్తే ఒత్తిడి బాగా పడిపోయేది ఆ చివర్లోనే: 10 మీటర్ల లోతులో సుమారు 2 బార్ ఉన్నది పైకి వచ్చేసరికి సగమవుతుంది. ఒంట్లో కరిగిన నైట్రోజన్ ఊపిరితో నెమ్మదిగా బయటికి పోవాలి. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే, సోడా మూత తీసినట్టు, రక్తంలోనే బుడగలు కడుతుంది. ఆ 5 మీటర్లకీ ఒక నిమిషం పట్టనివ్వండి.

స్టాప్‌లో నిలవలేక తేలిపోతున్నారా? అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తేలికవుతుంది. అందుకే బరువులు సరిపోయాయో లేదో చూసుకోవాల్సింది నిండు సిలిండర్‌తో కాదు, అందులో 50 బార్ గాలి మిగిలినప్పుడు. బీసీడీలో (తేలడాన్ని సర్దుకోవడానికి గాలి నింపే జాకెట్) గాలి దాదాపు లేకుండా, మామూలుగా ఊపిరి తీస్తూ అక్కడ నిలవగలగాలి. తాడు ఉంటే పట్టుకోండి, ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకండి.

గాలి నిజంగానే అయిపోతుంటే స్టాప్ వదిలేసి మెల్లగా పైకి రండి. సేఫ్టీ స్టాప్ అదనపు జాగ్రత్త మాత్రమే. డైవ్ కంప్యూటర్ డీకంప్రెషన్ స్టాప్ (నైట్రోజన్ బయటికి పోయేదాకా ఆగాల్సిన విరామం) చూపిస్తే సంగతి వేరు, అది తప్పనిసరి.