ఇంట్లో వర్కౌట్‌కి టైమర్ ఎలా సెట్ చేసుకోవాలి

ఇంట్లో చేసేటప్పుడు టైమ్ అంతా పోయేది రెస్ట్‌లోనే, ఒక్క నిమిషం అని కూర్చుని ఫోన్ చూస్తే ఐదు నిమిషాలు అయిపోతాయి. అందుకే ఇంటర్వల్ టైమర్ యాప్ (ఎప్పుడు చేయాలో, ఎప్పుడు రెస్టో బీప్ కొట్టి చెప్పేది) ఒకటి వేసుకోండి, ఫ్రీవి చాలు. కొత్తవాళ్లైతే 30 సెకన్లు చేయడం, 30 సెకన్లు రెస్ట్, స్క్వాట్స్, గోడకి పుషప్స్, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా ఆపడం) ఇలా మార్చుకుంటూ 10 రౌండ్లు, అంటే 10 నిమిషాలే. అలవాటయ్యాక 40 చేసి 20 రెస్ట్‌కి మారండి. టబాటా అని ఇంకోటుంది, 20 సెకన్లు చేసి 10 సెకన్లు రెస్ట్, 8 రౌండ్లు, నాలుగు నిమిషాలే కదా అని మొదటిరోజే దిగొద్దు ప్లీజ్, అది ఫుల్ స్పీడ్‌లో చేయాల్సింది. ఫోన్ చేతికందనంత దూరంలో, సౌండ్ పెద్దగా పెట్టి, నోటిఫికేషన్లు ఆఫ్ చేయండి. బీప్ కొట్టేలోపు ఇంకో రెండు లాగేద్దామని నడుము వంచేసి చేయొద్దు, తక్కువైనా సరిగ్గా చేయండి.