ఉప్పునీటి అక్వేరియంలో పాచిని అదుపు చేయడం, నీటి నాణ్యతను నిలుపుకోవడం ఎలా?

ఉప్పునీటి అక్వేరియంలో రాళ్ళ మీదా ఇసుక మీదా పాచి పరచుకోవడం మొదలైనప్పుడు చాలామంది మొదట దాన్ని చంపే మందు కోసం వెతుకుతారు. మందుతో పాచి చచ్చినా, అది కుళ్ళేటప్పుడు తనలో ఇముడ్చుకున్న నత్రజని, భాస్వరం తిరిగి ఆ నీటిలోకే చేరతాయి కనుక కొద్ది వారాల్లో మళ్ళీ మొలుస్తుంది. చేపలకు వేసే ప్రతి మేతతోనూ తొట్టిలోకి పోషకాలు వస్తూనే ఉంటాయి. వాటిని బయటికి పంపే దారులు చాలినంతగా ఉంటే పాచి అదుపులో ఉంటుంది, లేకపోతే మిగిలినదంతా దానికే ఆహారమవుతుంది. కింది పద్ధతి అంతా ఆ రాకపోకలను సరిచేయడానికే. ఇందుకు రెండు మూడు నెలలు పట్టవచ్చునని ముందే సిద్ధపడి మొదలుపెట్టడం మంచిది.

1. పాచి ఏ రకమో గుర్తించండి

ఈ మెట్టును తొందరపడి దాటకూడదు, ఎందుకంటే ఒక రకానికి పనికొచ్చే వైద్యం మరో రకాన్ని ఇంకా పెంచుతుంది.

కొత్త తొట్టిలో తొలి వారాల్లో ఇసుక మీదా అద్దాల మీదా గోధుమరంగు పొడిలా పేరుకొని, వేలితో రాస్తే ఊడిపోయేవి డయాటమ్‌లు. ఇవి నీటిలో కరిగి ఉండే సిలికేట్ అనే ఖనిజం మీద ఆధారపడతాయి, అది తరిగిపోగానే చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. రాళ్ళను పట్టుకొని పచ్చని వెంట్రుకల్లా ఊగేది నూలుపాచి. నైట్రేట్, ఫాస్ఫేట్ (నీటిలో నత్రజని, భాస్వరం ఉండే రూపాలు) ఎక్కువయ్యాయనడానికి ఇదే స్పష్టమైన గుర్తు. ముదురు ఎరుపు లేదా ఊదారంగు పొరలా పరచుకొని, లాగితే తెరలు తెరలుగా ఊడి వచ్చేది నిజానికి పాచి కాదు, సయానోబ్యాక్టీరియా. ఇది ఎక్కువగా నీటి కదలిక తక్కువగా ఉండి మడ్డి పేరుకున్న చోట్ల కనిపిస్తుంది. గుండ్రటి పచ్చని బుడగల్లా ఉండేది వలోనియా, దీన్ని చితకనీయకుండా మొదలుతో సహా పెకలించి తీయాలి.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనవి డైనోఫ్లాజెలేట్‌లు. గోధుమరంగు జిగురు తీగల్లా సాగుతూ, చివర్లలో గాలిబుడగలు పట్టుకొని, రాత్రి తగ్గి పగలు మళ్ళీ కనిపిస్తాయి. కొన్ని జాతులు విషపూరితం కావడంతో వాటిని తిన్న నత్తలు చచ్చిపోతాయి. ఇవి తరచుగా నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయిన అతిశుభ్రమైన తొట్టిలో విజృంభిస్తాయి కాబట్టి, నూలుపాచికి చేసినట్టు పోషకాలను ఇంకా తగ్గిస్తే పరిస్థితి విషమిస్తుంది. వీటి విషయంలో నీటి మార్పిడి కొంతకాలం ఆపి, నైట్రేట్, ఫాస్ఫేట్‌లను కొలవగలిగే స్థాయికి తిరిగి తేవాలి. రాత్రిళ్ళు నీటిలోకి లేచే ఆస్ట్రియాప్సిస్ వంటి జాతులపై యూవీ స్టెరిలైజర్ (నీటిని అతినీలలోహిత కాంతి గుండా పంపే పరికరం) బాగా పనిచేస్తుంది.

ఇక రాళ్ళ మీద గులాబీ, ఊదా రంగుల్లో గట్టి పొరగా పెరిగే కోరలైన్ నాచు ఆరోగ్యానికి గుర్తు, దాన్ని రాళ్ళ మీద ఉండనివ్వాలి.

2. నీటిని పరీక్షించి రాసిపెట్టుకోండి

అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. ఈ రెండిట్లో ఏది కనిపించినా పాచి సంగతి పక్కన పెట్టి ముందు దాన్నే చూడాలి, ఎందుకంటే అమ్మోనియా నేరుగా చేపల ప్రాణానికి ముప్పు, నైట్రైట్ కనిపించడం తొట్టి ఇంకా కుదురుకోలేదనడానికి గుర్తు. ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, లవణీయత కిలో నీటికి 35 గ్రాములు, అంటే సాపేక్ష సాంద్రత సుమారు 1.025 నుంచి 1.026, పీహెచ్ 7.8 నుంచి 8.4, క్షారత 8 నుంచి 11 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. పగడాలున్న తొట్టిలో నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచడం ఆచరణలో అనుకూలంగా ఉంటుంది. చేపలు మాత్రమే ఉన్న తొట్టి ఇంతకంటే ఎక్కువ నైట్రేట్‌ను తట్టుకుంటుంది.

పరీక్షలో కనిపించే అంకె పాచి తినగా మిగిలినది మాత్రమే. రాళ్ళ నిండా పచ్చని వెంట్రుకలు ఊగుతుండగా ఫాస్ఫేట్ సున్నా అని వచ్చిందంటే నీరు శుభ్రంగా ఉందని అర్థం కాదు, వచ్చినది వచ్చినట్టే పాచి పీల్చేస్తోందని అర్థం. అందుకే ఒక్క కొలతను నమ్మకుండా, వారం వారం ఒకే వేళకు కొలిచి, పక్కనే పాచి ఎంత ఉందో కూడా రాసుకోవాలి.

3. పోసే నీటిని శుభ్రం చేయండి

కుళాయి నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్‌లతో పాటు క్లోరిన్, క్లోరమైన్ కూడా ఉండవచ్చు. ఆర్ఓ (రివర్స్ ఆస్మోసిస్) పొర తరువాత, మిగిలిన లవణాలను పట్టుకునే డీఐ రెజిన్ గుండా వచ్చి, నీటిలో కరిగిన పదార్థాలను కొలిచే టీడీఎస్ మీటర్‌లో సున్నా చూపే నీటినే వాడాలి. సున్నా దాటి అంకె పెరగడం మొదలైతే రెజిన్ మార్చే సమయం వచ్చినట్టే. సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని నీటిలో కొద్దికొద్దిగా కలుపుతూ, చిన్న పంపుతో తిప్పుతూ, పూర్తిగా కరిగి తొట్టి ఉష్ణోగ్రతకు వచ్చాకే పోయాలి. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 గ్రాముల ప్రామాణిక ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూడాలి. ఆవిరైన నీటి స్థానంలో మాత్రం ఉప్పు కలపని శుద్ధ నీరే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే తప్ప ఉప్పు కాదు.

4. చేత్తో తీసి, ఆ వెంటనే నీరు మార్చండి

పాచిని చేత్తో పీకి బయట పారేయడమంత సూటి మార్గం మరొకటి లేదు, ఎందుకంటే దానిలో దాగిన పోషకాలన్నీ ఒకేసారి తొట్టి దాటిపోతాయి. వీలైన రాళ్ళను బయటికి తీసి, తొట్టి నీరే నింపిన బకెట్‌లో గట్టి బ్రష్‌తో రుద్దండి. మిగిలిన చోట్ల ఒక చేత్తో పీకుతూ మరో చేత్తో సైఫన్ గొట్టం అక్కడే పట్టుకుంటే ముక్కలు చెదిరిపోవు. జోయాంథస్, పాలిథోవా పగడాలున్న రాళ్ళను రుద్దేటప్పుడు చేతితొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. వీటిలో కొన్నిట్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది కనుక అలాంటి రాళ్ళ మీద వేడినీళ్ళు పోయడం, వాటిని ఉడికించడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. నీరు దించే ముందు హీటర్ ఆపడం మరిచిపోవద్దు.

నీటి మార్పిడి ఎంత మేలు చేస్తుందో లెక్క వేసుకొని చూడాలి. నైట్రేట్ 40 పీపీఎం ఉన్న తొట్టిలో 20 శాతం నీరు మారిస్తే అది 32కు, రెండోసారికి 25.6కు, మూడోసారికి దాదాపు 20.5కు వస్తుంది. అంటే మధ్యలో కొత్తగా ఏమీ చేరకపోయినా దాదాపు సగానికి రావడానికి మూడు మార్పిళ్ళు కావాలి. మేత ఎక్కువగా పడుతున్న తొట్టిని నీటి మార్పిడి ఒక్కటే కాపాడలేకపోవడానికి కారణం ఇదే.

5. రాకను తగ్గించి, పోకను పెంచండి

మేత రెండు మూడు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినగలిగినంతే వేయాలి. గడ్డకట్టిన మేతను కరిగించి, ఆ నీటిని వడకట్టి పారబోసి వాడాలి. వడపోత సంచీలను రెండు మూడు రోజులకొకసారి మార్చకపోతే అందులో చిక్కిన మడ్డి అక్కడే కుళ్ళి నైట్రేట్‌గా మారుతుంది. ప్రోటీన్ స్కిమ్మర్ సేంద్రియ పదార్థాన్ని కుళ్ళకముందే నురుగుతో బయటికి తీస్తుంది కాబట్టి, దాని గిన్నెనూ మెడనూ తరచుగా కడగడం చిన్న పనిలా కనిపించినా పెద్ద ఫలితమిస్తుంది.

సంప్‌లో (వడపోత పరికరాలు ఉంచే పక్క తొట్టిలో) చోటుంటే కీటోమార్ఫా అనే నాచును ప్రత్యేక దీపం కింద పెంచి, పెరిగినంత కోసి పారేయడం నాకు అన్నిటికంటే నచ్చిన మార్గం. అనవసరమైన పాచి తినాల్సిన పోషకాలను మనం కోరుకున్న నాచు తింటుంది. కౌలెర్పా కూడా వేగంగా పెరుగుతుంది గానీ, కొన్నిసార్లు హఠాత్తుగా బీజకణాలు వదిలి కరిగిపోయి నీటిని పాడుచేస్తుంది. కోసిన నాచును కాలువలోనో సముద్రంలోనో పారేయకుండా, బాగా ఎండబెట్టి చెత్తలో వేయాలి. అక్వేరియంలలో పెంచే కౌలెర్పా టాక్సిఫోలియా 1984లో మొనాకో తీరంలో కనిపించి, తరువాత మధ్యధరా సముద్రంలో విస్తారంగా పాకింది.

ఫాస్ఫేట్ మాత్రమే ఎక్కువగా ఉంటే దాన్ని పట్టుకునే ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు వాడవచ్చు, అయితే కొద్ది మోతాదుతో మొదలుపెట్టాలి. ఒక్కసారిగా ఫాస్ఫేట్ పడిపోతే పగడాలు దెబ్బతింటాయి.

6. వెలుగు, నీటి కదలిక, నత్తలు

దీపాలు రోజుకు 8 నుంచి 10 గంటలు చాలు, కిటికీ ఎండ తొట్టి మీద పడకూడదు. మడ్డి పేరుకునే మూలలకు పంపు తిప్పాలి. ట్రోకస్, టర్బో, సెరిత్ నత్తలు లేత పాచిని చక్కగా గీకి తింటాయి, పొడుగ్గా పెరిగిన నూలుపాచిని మాత్రం చాలావరకు ముట్టవు. అందుకే పొడుగు పాచిని చేత్తో తీసిన తరువాతే నత్తలను, తొట్టి నీటిని చుక్కచుక్కగా కలుపుతూ అలవాటు చేసి వదలాలి. రాగి ఉన్న మందులు నత్తలకు, పగడాలకు ప్రాణాంతకం.

7. రెండు నెలల తరువాత కూడా తగ్గకపోతే

ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, రెండు మూడు వారాలు చూసి మరొకటి చేయండి. అన్నీ సరిగ్గా ఉన్నా పాచి తగ్గకపోతే రాళ్ళను అనుమానించాలి, ఎందుకంటే సున్నపు రాయి ఏళ్ళ తరబడి ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచి, నీటిలో అది తగ్గినప్పుడల్లా తిరిగి వదులుతుంది. ఒక రాయిని రుద్ది, కొత్తగా కలిపిన ఉప్పునీటి బకెట్‌లో హీటర్, చిన్న పంపుతో చీకట్లో వారం రోజులు ఉంచి, మొదట్లోనూ చివర్లోనూ ఫాస్ఫేట్ కొలవండి. అంకె స్పష్టంగా పెరిగితే మూలం ఆ రాళ్ళే. అప్పుడు ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలను కొద్ది మోతాదులో మారుస్తూ, రాయి వదలడం ఆగేవరకు నెలల తరబడి కొనసాగించాలి.