స్వాట్ మోడల్‌కి వాన డేటా ఇచ్చే ముందు

స్వాట్ (వాన, ఉష్ణోగ్రతల నుంచి నదిలో ఎంత నీరు పారుతుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్) రన్ మధ్యలో ఆగిపోయినా, నదిలో ప్రవాహం అర్థంపర్థం లేకుండా వచ్చినా ముందు వాతావరణ ఫైళ్లు తెరిచి చూడండి. మన వాతావరణ శాఖ గ్రిడ్ డేటాలో (దేశాన్ని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఇచ్చే రోజువారీ విలువల్లో) విలువ లేనిచోట వర్షానికి -999, ఉష్ణోగ్రతకు 99.9 ఉంటుంది, స్వాట్‌కి మాత్రం రెండిట్లోనూ -99.0 కావాలి, నోట్‌ప్యాడ్‌లో రీప్లేస్ కొడితే అయిపోతుంది. వర్షం ఫైల్లో 99.9 కనిపిస్తే ముట్టుకోకండి, అది నిజంగా పడిన వానే కావచ్చు.

తర్వాత వరసలు లెక్కపెట్టండి. 2001 నుంచి 2010 దాకా అయితే 3652 రోజులు, పైన 20010101 అనే తేదీ వరస కలిపి 3653 రావాలి. రెండు తగ్గితే లీపు సంవత్సరాల ఫిబ్రవరి 29లు ఎగిరిపోయాయేమో చూడండి.

జులై, ఆగస్టుల్లో వారాల తరబడి ఖాళీలుంటే మాత్రం -99.0 పెట్టడం ఒక్కటే చాలదు, -99.0 ఉన్నచోట మోడల్ వెదర్ జనరేటర్‌తో (నెలవారీ సగటు లెక్కల నుంచి వాతావరణాన్ని ఊహించే భాగంతో) తనే వాన కల్పించుకుంటుంది, గోదావరికి నిజంగా వచ్చిన వరద ఆ కల్పిత వానలో దొరకదు. పక్క గ్రిడ్ డేటాతో నింపుకోండి.