సిరా కొండలు, నాలుగో పాఠం: నారపోగు గీత

చైనా సిరా చిత్రకళలో వాడే సిరా కడ్డీని సానరాయి మీద గంధం తీసినట్టు అరగదీసి, నీటి పాళ్ళను బట్టి లేత, ముదురు ఛాయలు రాబట్టడం గత పాఠంలో చూశాం. ఇప్పుడు ఆ ఛాయలతో కొండను నిలబెట్టాలి. దక్షిణ చైనాలోని మెత్తని మట్టి కొండల కోసం పదో శతాబ్దపు చిత్రకారుడు డుంగ్ యువాన్ సంప్రదాయం మనకిచ్చిన గీతను ‘పీమా త్సున్’ అంటారు. విప్పి వేలాడదీసిన నారపోగుల్లా ఉంటుంది కనుక ఆ పేరు.

కుంచెకు లేత సిరా పట్టించి, పాతగుడ్డ మీద ఒత్తి సగం తడి తీసేయండి. కుంచెను కొంచెం వాల్చి, శిఖరం దగ్గర మొదలుపెట్టి వాలు వెంబడి కిందికి దింపండి. మణికట్టును బిగించకుండా మోచేతిని కదిలించండి. గీతలు పక్కపక్కనే సాగుతూ అక్కడక్కడ కలిసి విడిపోవాలి, దువ్వెనపళ్ళలా సమానంగా ఉండకూడదు. ఆరిన తరువాత ముదురు సిరాతో కొన్నింటినే మళ్ళీ దిద్ది, చెట్ల చుక్కలను చివరికి ఉంచండి. తొందరపడి ముందే చుక్కలు పెట్టేవారి కొండలు మచ్చలు పడ్డ గుడ్డలా తయారవుతాయి.

నమూనాగా చైనా చిత్రకారుడు హ్వాంగ్ గుంగ్‌వాంగ్ గీసిన ‘ఫూచున్ కొండల నివాసం’ చుట్టను, అంటే చుట్టి దాచే పొడవాటి కాగితపు చిత్రాన్ని, తీసుకుందాం. దాదాపు 78 ఏళ్ళ వయసులో, 1347లో మొదలుపెట్టి, మూడు నాలుగేళ్ళయినా పూర్తి కాలేదని 1350లో ఆయనే దాని మీద రాసుకున్నారు. దీన్ని గోడకు తగిలించి చూడరు. కుడి నుంచి ఎడమకు మూరెడు మూరెడు విప్పుతూ చూస్తారు. మీరూ ముద్రిత ప్రతిని అలాగే చూస్తూ, ఒక్కొక్క భాగంలో గీతలు ఎక్కడ చిక్కబడ్డాయో, ఎక్కడ కాగితం ఖాళీగా మిగిలిందో గుర్తించండి.

ఆ చుట్ట నేడు రెండు ముక్కలు. 1650లో దాని యజమాని వూ హుంగ్‌యూ, తనతో పాటే రావాలని మరణశయ్య మీద దాన్ని కాల్పించబోగా, సోదరుడి కొడుకు మంటలోంచి లాగాడు. 51.4 సెంటీమీటర్ల చిన్న ముక్క చైనాలోని హాంగ్‌జౌలోనూ, సుమారు 6.4 మీటర్ల పెద్ద ముక్క తైవాన్‌లోని తైపేలోనూ ఉన్నాయి. కాగితాల అతుకుల మీద ఆ వంశంవారు వేసిన ముద్రలో ఒక సగం దీని మీద, మరో సగం దాని మీద మిగలడంతో ఆ బంధుత్వం తేలింది. రెండూ 2011లో తైపేలో ఒకేచోట ప్రదర్శితమయ్యాయి.

ఈ చుట్ట విషయంలో చైనా చక్రవర్తి చ్యెన్‌లుంగ్ కథ మన అభ్యాసానికి మరింత దగ్గరిది. 1745లో ఒక నకలు ఆయన చేతికొచ్చింది. మరుసటి ఏడాది అసలు వచ్చినా, నకలునే నమ్మి దాని మీద యాభైకి పైగా రాతలు రాశారు. ఆకాశమంతా అక్షరాలే! అసలుకు నకలన్న ముద్ర పడింది కాబట్టే దాని ఖాళీ స్థలాలు ఆ రాతల నుంచి తప్పించుకున్నాయి.

వచ్చే పాఠంలో రాళ్ళకు వేసే గొడ్డలివేటు గీత మొదలుపెడతాం. ఆలోగా అరచెయ్యంత కొండను లేత సిరాతో ఇరవైసార్లు గీయండి. మొదటిదాన్నీ చివరిదాన్నీ తేదీ వేసి దాచండి.