జావాలో అరేలిస్ట్ వాడబోయే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అరేలిస్ట్ అంటే అంశాలను చేర్చేకొద్దీ పెరిగే, తీసేకొద్దీ తగ్గే జాబితా. అందుకే దాచబోయే అంశాల సంఖ్య మారుతుందో లేదో ముందుగా తేల్చుకోవాలి. వారంలోని 7 రోజుల పేర్ల వంటి మారని సమాచారానికి, గడుల సంఖ్య స్థిరంగా ఉండే మామూలు అరే చాలు.

అరేలిస్ట్‌లో ఇంట్ (పూర్ణసంఖ్య) వంటి ప్రాథమిక రకాలను నేరుగా పేర్కొనలేము కనుక, ప్రకటించేటప్పుడు కోణపు బ్రాకెట్లలో దాని ఆబ్జెక్ట్ రూపమైన ఇంటీజర్ అని రాయాలి. సృష్టించేటప్పుడు 50 అని ఇచ్చినంత మాత్రాన 50 గడులు సిద్ధమైనట్టు కాదు. అది ముందుగా కేటాయించే చోటు మాత్రమే. సైజ్, అంటే నిజంగా ఉన్న అంశాల సంఖ్య, అప్పటికీ 0గానే ఉంటుంది కాబట్టి, యాడ్‌తో అంశాన్ని చేర్చకుండా, ఉన్న అంశాన్ని మార్చే సెట్ పిలిస్తే ఎక్సెప్షన్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా వచ్చే లోపం) వస్తుంది.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ తొలగింపుపై ఉండాలి. 60, 20, 18, 75 అనే మార్కుల జాబితాలో 35 కన్నా తక్కువ ఉన్నవాటిని ఇండెక్స్ (0 నుంచి లెక్కించే స్థానం సంఖ్య) పెంచుకుంటూ తీసేస్తున్నామనుకుందాం. 1వ ఇండెక్స్‌లోని 20 పోగానే 18 ముందుకు జరిగి ఆ చోటికి వస్తుంది, లూప్ మాత్రం 2కు వెళ్లిపోతుంది, దాంతో 18 తనిఖీ లేకుండా మిగిలిపోతుంది. ఎర్రర్ ఏదీ రాదు, చిక్కంతా అక్కడే. చివరి నుంచి వెనక్కి నడవడం, లేదా షరతుకు సరిపోయినవాటినన్నీ తీసేసే, జావా 8 నుంచి ఉన్న రిమూవ్‌ఇఫ్ వాడడం మేలు. ఒక్కో అంశాన్ని వరుసగా తీసుకునే ఫర్-ఈచ్ లూప్ నడుస్తుండగా అదే జాబితా నుంచి నేరుగా తొలగించకూడదు.

ఇంటీజర్ జాబితాపై రిమూవ్‌కు 20 అని ఇస్తే, జావా దాన్ని విలువగా కాక ఇండెక్స్‌గా తీసుకుంటుంది. విలువనే తీసేయాలంటే ఇంటీజర్.వాల్యూఆఫ్‌తో చుట్టి ఇవ్వాలి.

రెండు అంశాలను పోల్చడానికి జంట సమాన గుర్తు (==) కాకుండా ఈక్వల్స్ వాడాలి. 127 వరకు సరిగా పనిచేసినట్టు కనిపించిన పోలిక 128 దగ్గర తప్పవచ్చు.